ఏబీఎస్, బ్రేకు, ట్రాక్షన్ లైట్లు వచ్చి పోతుంటే యూనిట్ మార్చే ముందు చూడవలసినవి

మీరు రాసినది క్లుప్తంగా ఇది. 2019 మోడల్ పెట్రోలు కారు, ఎనభై వేల కిలోమీటర్లకు దగ్గరపడింది. అల్లూరు అవతల రొయ్యల చెరువుల దగ్గరికి దాదాపు రోజూ వెళ్తారు, అప్పుడప్పుడు హైవే మీద ఒంగోలు ప్రయాణం. వానలు మొదలైనప్పటి నుంచి మీటరులో మూడు లైట్లు ఒక్కసారిగా వెలుగుతున్నాయి: పసుపు రంగు ఏబీఎస్, ఎర్రటి బ్రేకు గుర్తు, జారుతున్న కారు బొమ్మ. ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్టు చేస్తే పోతున్నాయి. ఒక్కోసారి వారం దాకా జాడ ఉండదు, షెడ్డుకు తీసుకువెళ్ళిన రోజు మాత్రం అసలే రావు. అక్కడ ఏబీఎస్ యూనిట్ మార్చాలని, నలభై వేలు దాటుతుందని చెప్పారు. మార్చాలా, వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చకండి. యూనిట్ పాడవదని నేను అనను. కానీ పాడైన యూనిట్ చాలావరకు పాడైనట్టే ఉంటుంది, తాళం తిప్పిన ప్రతిసారీ లైటు వెలిగించి ఆ సంగతి చెబుతుంది. వారం రోజులు బాగుండి, ఒక మధ్యాహ్నం అలిగి, ఇంజన్ ఆపి వేయగానే సర్దుకునే జబ్బుకు మూలం ఎక్కువగా ఒక తీగలోనో, కనెక్టరులోనో, ఎర్త్ బోల్టు దగ్గరో, బ్యాటరీలోనో ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? నేను నెల్లూరు ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాను. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయ్యాక, చిన్న కార్లు కూడా ఈ లైట్లతో మా దగ్గరికి రావడం మామూలైపోయింది. వాటిలో నిజంగా యూనిట్ మార్చవలసి వచ్చినవి బాగా తక్కువ.

ముందుగా మూడు లైట్లు ఎందుకు కలిసి వస్తాయో చూద్దాం. మూడు వస్తువులు ఒకేసారి చెడిపోయాయని దాని అర్థం కాదు. నాలుగు చక్రాల దగ్గర నాలుగు సెన్సర్లు ఉంటాయి. ఏ చక్రం ఎంత వేగంతో తిరుగుతోందో అవి ఏబీఎస్ యూనిట్‌కు చెబుతూ ఉంటాయి. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది ఏబీఎస్. ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత అని బ్రేకు ఒత్తిడిని పంచేది ఈబీడీ. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం ఉన్నచోటనే గిరగిరా తిరిగిపోకుండా ఆపేది ట్రాక్షన్ కంట్రోల్. మూడింటికీ పెట్టె ఒక్కటే. ఒక సెన్సర్ చెప్పే లెక్క తేడాగా కనిపిస్తే యూనిట్ ఏబీఎస్‌ను పక్కన పెడుతుంది, దానితోపాటే ట్రాక్షన్ కూడా ఆగిపోతుంది. అప్పుడు వెలిగేవి రెండు పసుపు లైట్లు.

ఎర్ర లైటు సంగతి వేరు. చాలా కార్లలో ఒక్క సెన్సర్ పోయినంత మాత్రాన ఈబీడీ ఆగదు, మిగిలిన మూడింటి లెక్కతో నెట్టుకొస్తుంది. ఎర్ర లైటు కూడా తోడైందంటే ఈబీడీ సైతం చేతులెత్తేసిందన్నమాట. అంటే ఒకటికి మించి సెన్సర్లు ఒకేసారి పోయి ఉండాలి, లేదా యూనిట్‌కు కరెంటు సరిగా అందకపోయి ఉండాలి, లేదా యూనిట్‌కూ మీటరుకూ మధ్య మాటలు తెగిపోయి ఉండాలి. కారులోని కంప్యూటర్లన్నీ క్యాన్ అనే రెండు తీగల లైను మీద మాట్లాడుకుంటాయి. యూనిట్ నుంచి కబురు రావడం ఆగిపోతే, జరిగినదేమిటో తెలియని మీటరు తనంతట తానే మూడు లైట్లూ వెలిగించేస్తుంది. ఒకే క్షణంలో రెండు సెన్సర్లు చెడిపోవడం అరుదు. అందుకే మీ కారు విషయంలో నా అనుమానం మొదట కరెంటు మీద, ఎర్త్ మీద, యూనిట్ పెద్ద కనెక్టరు మీద పడుతుంది. ఆ తరువాతే సెన్సర్ల మీదికి వెళ్తాను.

అయితే ఎర్ర లైటుకు చిన్న కారణాలు రెండున్నాయి, వాటిని ముందే తోసేయాలి. ఒకటి హ్యాండ్ బ్రేకు లివరు పూర్తిగా దిగకపోవడం, లేదా దాని కింది స్విచ్చి అరిగిపోవడం. లివరును చేత్తో కిందికి అదిమితే లైటు పోతుందా చూడండి, అక్కడితో తేలిపోతుంది. రెండోది బ్రేకు ఆయిలు. డబ్బాలో మట్టం కనిష్ఠ గీత దగ్గర ఉంటే, మలుపులోనో బ్రేకు తొక్కినప్పుడో ఆయిలు ఒక పక్కకు ఒరిగి లోపలి ఫ్లోటు దిగుతుంది, ఎర్ర లైటు మినుకుమంటుంది. బండి నిలబెట్టి చూస్తే అంతా బాగానే ఉంటుంది. మట్టం తగ్గిందని వెంటనే ఆయిలు పోసి చేతులు దులుపుకోవద్దు. బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం దానంతట అదే దిగుతుంది, కాబట్టి ముందు ప్యాడ్లు చూడాలి. ప్యాడ్లు కొత్తగానే ఉండి మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, దానికి ముందు మెకానిక్ కావాలి, ఎలక్ట్రీషియన్ కాదు. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. రెండేళ్ళకొకసారి మార్చమనేది అందుకే. ఏడేళ్ళ కారులో మొదటినాటి ఆయిలే ఉండడం నేను చూసినవాటిలో కొత్తేమీ కాదు.

ఇక అసలు పని. లైటు వచ్చే వేళను బట్టి జబ్బు సగం తెలుస్తుంది. కానీ మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది «వస్తున్నాయి, పోతున్నాయి» అని మాత్రమే చెబుతారు. డ్యాష్‌బోర్డు అరలో చిన్న నోటుబుక్కు, పెన్ను పెట్టుకోండి. లైట్లు వచ్చినప్పుడల్లా బండి పక్కకు ఆపి రాయండి: స్టార్టు చేయగానే వచ్చాయా, కదిలాక వచ్చాయా, ఎంత వేగంలో ఉన్నారు, స్టీరింగు ఎటు తిప్పి ఉంది, బ్రేకు మీద కాలుందా, గుంట గానీ స్పీడు బ్రేకరు గానీ దాటారా, వానా, బండి అంతకుముందే కడిగించారా, ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఉన్నాయా. పక్కన ఎవరైనా ఉంటే మీటరును ఫోనులో ఫొటో తీయమనండి, ఏ లైటు మొదట వచ్చిందో తరువాత గుర్తుండదు. కారు కంప్యూటర్లు నమోదు చేసుకున్న లోపాల కోడ్లను చదివే స్కానరు షెడ్డులో ఉంటుంది, ఈ కాగితం దానికి తీసిపోదు.

తాళం తిప్పగానే ఈ లైట్లన్నీ మూడు సెకన్ల పాటు వెలిగి ఆరడం సహజం, యూనిట్ తనను తాను పరీక్షించుకునే సమయమది. అప్పుడు ఆరకుండా నిలిచిపోయినా, స్టార్టరు తిరిగిన వెంటనే వెలిగినా మొదట చూడవలసింది బ్యాటరీ. రాత్రంతా నిలిపిన బండికి పొద్దున బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉండాలి. స్టార్టు చేసేటప్పుడు మల్టీమీటరు 9.6 కిందికి పడితే బ్యాటరీ అలసిపోయినట్టే. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు అన్నీ వేసి చూసినప్పుడు 13 దిగకపోతే ఆల్టర్నేటరు మీద అనుమానం వద్దు. ఇంజన్‌కు సరిపోయే వోల్టేజి ఏబీఎస్‌కు సరిపోకపోవచ్చు. బండి చక్కగా స్టార్టు అవుతోంది కదా, బ్యాటరీ బాగున్నట్టేనని చాలామంది పొరబడేది ఇక్కడే.

స్టార్టు అయ్యి, బండి కదిలి, గంటకు పదిహేను ఇరవై కిలోమీటర్ల వేగం అందుకోగానే లైటు వస్తే అది ఇంకో గుర్తు. చాలా కార్లలో ఆ వేగం దగ్గరే యూనిట్ తన లోపలి పంపు మోటారును ఒక్క క్షణం తిప్పి చూసుకుంటుంది. బానెట్ కింద చిన్నగా «గుర్ర్» మనడం చెవి పెట్టి వింటే తెలుస్తుంది. మోటారు తిరగడానికి ఎక్కువ కరెంటు కావాలి. ఎర్త్ సరిగా లేకపోతే ఆ క్షణంలోనే వోల్టేజి కుంగి యూనిట్ గొల్లుమంటుంది. చక్రాల సెన్సర్ల లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని పోల్చుకునేదీ బండి కదిలాకే.

మలుపుల్లో, గుంటల్లో వస్తే చక్రం దగ్గరి తీగ, లేదా బేరింగు. వానలో, కడిగించాక వస్తే కనెక్టరు. బ్రేకు తొక్కినప్పుడు వస్తే పెడల్ దగ్గరి స్టాప్ లైటు స్విచ్చి, లేదా నేను పైన చెప్పిన ఆయిలు. హైవే మీద గంటసేపు నడిచి వేడెక్కాక వచ్చి, చల్లారాక పోతే అప్పుడు మాత్రం యూనిట్ లోపలి టంకాలు, లేదా బేరింగు. యూనిట్‌ను నేను గట్టిగా అనుమానించే సందర్భం దాదాపు ఇదొక్కటే.

మీరు తిరిగే దారి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అల్లూరు, ఇస్కపల్లి, విడవలూరు, ఇందుకూరుపేట, మైపాడు వైపు కార్లకూ, ఆత్మకూరు, ఉదయగిరి వైపు కార్లకూ ఎలక్ట్రికల్ జబ్బుల్లో చాలా తేడా ఉంటుంది. సముద్రపు గాలి ఒక్కటే కాదు. చెరువు గట్ల మీది ఉప్పు మట్టి, రొయ్యలు పట్టిన రోజు లారీల నుంచి దారి పొడవునా కారే ఉప్పుటి ఐసు నీళ్ళు, అవన్నీ చక్రాలు చిమ్మి కింది భాగానికి పట్టిస్తాయి. మామూలు నీళ్ళు ఆరిపోతాయి. ఉప్పు నీళ్ళు ఆరినా ఉప్పు మిగులుతుంది, గాలిలో తేమ తగిలితే చాలు మళ్ళీ చెమ్మగిల్లుతుంది. అందుకే ఎండలో బాగుండి, మబ్బు పట్టగానే లైట్లు రావడం. పై బాడీకి ఎంత కోటింగు వేయించినా ఈ కనెక్టర్లకు అది ఉపయోగపడదు.

ఇలాంటి కారు ఒకదాని ముందు ఎడమ చక్రం సెన్సర్ కనెక్టరు విప్పినప్పుడు చూసింది చెబుతాను, మీకు వెతకడానికి పనికొస్తుంది. పైకి ప్లాస్టిక్ శుభ్రంగా ఉంది, లాకు బిగుతుగానే ఉంది. విడదీస్తే ఒక పిన్ను మెరుస్తోంది, రెండోదాని మొదట్లో ఆకుపచ్చని చిలుము ఆవగింజంత పేరుకుని ఉంది. లోపలి రబ్బరు సీలు ఒక పక్క మడత పడింది, నీళ్ళు దూరింది అక్కడే. తీగను చేత్తో మెల్లగా లాగితే పిన్ను నుంచి ఊడి వచ్చేసింది, లోపలి రాగి నల్లగా పొడి అయిపోయింది. చిలుము పిన్ను దగ్గర ఆగదు, తీగ లోపల పాకుతూ పైకి పోతుంది. ఇలాంటిచోట స్ప్రే కొట్టి మళ్ళీ బిగిస్తే నెల తిరక్కముందే బండి మళ్ళీ వస్తుంది. నల్లబడిన రాగి పోయి ఎర్రటి రాగి కనిపించేదాకా కోసి, కొత్త కనెక్టరు వేయాలి.

మరి ఎక్కడెక్కడ చూడాలి? బ్యాటరీ నెగిటివ్ తీగ బాడీకి బిగించిన బోల్టు. ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ. ఏబీఎస్ యూనిట్‌కు ప్రత్యేకంగా ఉండే ఎర్త్ బోల్టు, ఇది సాధారణంగా యూనిట్ దగ్గరలోనే, మడ్‌గార్డు లోపలి వైపు ఉంటుంది. కంటితో చూసి బాగుందని వదిలేయకండి. మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగిటివ్ టెర్మినల్‌కు, మరో కొన యూనిట్ ఎర్త్ తీగకు ఆనించి, ఇంజన్ నడిపి, హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి రీడింగు చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది. 0.2 దాటితే బోల్టు విప్పి, తుప్పును, పెయింటును గీకి, మెరిసేదాకా శుభ్రం చేసి, బిగించి, పైన గ్రీజు పూయాలి. ఇంజన్ ఆపి ఓమ్‌లలో చూసే పరీక్ష ఇక్కడ మోసం చేస్తుంది. పది పోగుల్లో ఒక్క పోగు మిగిలిన తీగ కూడా ఓమ్‌లలో దివ్యంగా కనిపిస్తుంది, కరెంటు లాగితేనే దాని బండారం బయటపడుతుంది. ఏబీఎస్ ఫ్యూజులు కూడా తీసి చూడండి. సాధారణంగా రెండు పెద్దవి, ఒక చిన్నది ఉంటాయి. కాలిపోకపోయినా కాళ్ళ దగ్గర మసక ఉంటే, పట్టు వదులైతే మార్చండి.

యూనిట్ పెద్ద కనెక్టరు లివరు ఎత్తి బయటికి తీసే పని మాత్రం బ్యాటరీ విప్పాకే. అందులో చిలుము గానీ బ్రేకు ఆయిలు గానీ కనిపించిందా? ఆయిలు కనిపిస్తే యూనిట్ లోపలి సీలు పోయిందన్నమాట, అప్పుడు షెడ్డువారు చెప్పిన మాట నిజమే. నీటి చుక్కలు కనిపిస్తే అవి తీగల వెంట జారి వచ్చినవి కావచ్చు. నవంబరు వానల్లో నెల్లూరు మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల కింద నిలిచిన నీళ్ళలో బండిని దూకించినవారు ఈ కనెక్టరును తప్పక తీయించి చూడాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మునిగిన కార్లు కొన్ని సెకండ్ హ్యాండ్ బజారులోకి వచ్చాయి, వాటికీ ఇదే మాట.

స్కానింగ్ గురించి. ఆన్‌లైన్‌లో దొరికే బ్లూటూత్ ఓబీడీ పరికరాలు ఎక్కువగా ఇంజన్ కోడ్లనే చదువుతాయి. «కోడ్లేమీ లేవు» అని ఫోనులో వస్తే ఏబీఎస్‌లో లోపం లేదని కాదు, ఆ పరికరం ఏబీఎస్ గదిలోకి తొంగి చూడలేదని మాత్రమే. ఏబీఎస్ చదివే స్కానరు ఉన్న చోటికి వెళ్ళండి. లైట్లు ఆరిపోయినా కోడ్లు జ్ఞాపకంలో ఉంటాయి కాబట్టి «వచ్చినప్పుడు తీసుకురండి» అనే షెడ్డు మీకు పనికిరాదు. కోడ్లు చెరపకముందు కాగితం మీద రాయించుకోండి. సీ అక్షరంతో మొదలయ్యేవి బ్రేకు, స్టీరింగు వంటి చాసిస్ కోడ్లు. చాలా బండ్లలో సీ0035 ముందు ఎడమ చక్రం సెన్సర్, సీ0040 ముందు కుడి, సీ0045 వెనక ఎడమ, సీ0050 వెనక కుడి. కంపెనీలు తమ సొంత నంబర్లు కూడా వాడతాయి. యూ అక్షరంతో వచ్చేవి మాటలు తెగిన కోడ్లు. యూ0121 ఉంటే ఏబీఎస్ యూనిట్‌తో సంబంధం తెగిందని మిగిలిన కంప్యూటర్లు ఫిర్యాదు చేస్తున్నాయి. మీ మూడు లైట్ల వరస చూస్తే నేను ఎదురుచూసేది ఈ యూ0121నో, తక్కువ వోల్టేజి కోడునో. సీ0035 ఒక్కటే కనిపిస్తే నా అంచనా తప్పి, దారి చక్రం వైపు తిరుగుతుంది.

సెన్సర్ కోడు వచ్చిందని సెన్సర్ కొనేయకండి. ఆ కోడు చెప్పేది ఆ చక్రం దగ్గరి లెక్క సరిగా అందలేదని మాత్రమే. అది సెన్సర్ కావచ్చు, తీగ కావచ్చు, కనెక్టరు, బేరింగు, సెన్సర్ లెక్కపెట్టే పళ్ళ చక్రం లాంటి టోన్ రింగు, ఏదైనా కావచ్చు. స్కానరులో నాలుగు చక్రాల వేగాలు పక్కపక్కనే పెట్టించి, ఖాళీ రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల వేగంతో నడపండి, స్కానరును పక్కనున్నవారు చూడాలి. నాలుగూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒకటి ఉన్నట్టుండి సున్నాకు పడి లేస్తుంటే దొరికినట్టే. బండి నిలిపి, ఆ చక్రం జాకీ మీద లేపి, ఒకరు చక్రాన్ని ఒకే వేగంతో తిప్పుతుంటే మరొకరు తీగను మొదటి నుంచి చివరిదాకా వేళ్ళతో వంచుతూ పోవాలి. ముందు చక్రాల తీగ స్టీరింగు తిప్పిన ప్రతిసారీ వంగుతుంది. షాకబ్జార్బర్ దగ్గరి క్లిప్పు వంపులో, తొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగి తెగుతుంది. సస్పెన్షన్ పని చేసినవారు ఆ క్లిప్పు పెట్టడం మరిచి ప్లాస్టిక్ టై కట్టి పంపినవి నేను లెక్కలేనన్ని చూశాను. వంగే చోట తీగను అతికించకూడదు, అతుకు పక్కనే మళ్ళీ తెగుతుంది. ఆ ముక్క మొత్తం కొత్తది వేయాలి.

సెన్సర్లలో రెండు రకాలు. పాత తరహా తీగచుట్ట (కాయిల్) రకానికి ఓమ్‌లు చూడవచ్చు, ఎక్కువగా వెయ్యి నుంచి రెండు వేల ఓమ్‌ల మధ్య ఉంటాయి. ఎడమ, కుడి పోల్చి చూస్తే చాలు. మీ కాలపు కార్లలో ఎక్కువగా ఉండేది రెండో రకం, యూనిట్ నుంచి కరెంటు అందితేనే పనిచేసే యాక్టివ్ సెన్సర్. దానికి ఓమ్ మీటరు పెట్టకూడదు, పెడితే వచ్చే అంకెకు అర్థం లేదు, పైగా సెన్సర్ చెడవచ్చు. కనెక్టరు విప్పి, ఇగ్నిషన్ వేసి, యూనిట్ వైపు తీగల్లో వోల్టేజి వస్తోందా అన్నది చూడాలి. వోల్టేజి వస్తుంటే తీగ బాగున్నట్టు, రాకపోతే సెన్సర్ జోలికి వెళ్ళవద్దు. సెన్సర్ తీసినప్పుడు దాని ముక్కుకు ఇనుప రజను అంటుకుని ఉంటే తుడిచి చూడండి, అంతటితో బాగైనవీ ఉన్నాయి. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే కార్లలో తడిసిన రాతి పొడి సెన్సర్ రంధ్రంలో సిమెంటులా గట్టిపడి, సెన్సర్‌ను కాస్త పైకి లేపేస్తుంది. అది తీయడానికి సుత్తి వాడితే సెన్సర్ ముక్కలవుతుంది.

బేరింగు మార్పించిన తరువాత మొదలైన లైట్లకు ఇంకో కారణముంది. యాక్టివ్ సెన్సర్లున్న చాలా కార్లలో బేరింగు సీలులోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది, అది సెన్సర్ వైపు రావాలి. రెండు వైపులూ కంటికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పొదిలి నుంచి వచ్చిన ఒక కారుకు సెన్సర్ రెండుసార్లు మార్చారు, తిరగేసి బిగించిన బేరింగును ఎవరూ చూడలేదు. బిగించే ముందు చిన్న గుండుసూదిని దగ్గర పెడితే ఏ వైపు లాగుతుందో తెలుస్తుంది. డ్రైవ్ షాఫ్టు మీద పళ్ళ చక్రంలా టోన్ రింగు ఉండే కార్లలో అది తుప్పు ఉబ్బి చిట్లుతుంది. దాని లక్షణం భలే స్పష్టంగా ఉంటుంది: బండి ఆగబోయే ముందు, నడక వేగంలో, పొడి రోడ్డు మీద పెడల్ కాలి కింద గడగడ వణుకుతుంది. ఏబీఎస్ అక్కరలేనిచోట పనిచేస్తోందన్నమాట. మీకు అలాంటిది ఉన్నట్టు రాయలేదు కనుక దీన్ని చివరికి నెట్టవచ్చు.

ఎలుకల మాట మరిచిపోకూడదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వరి కోతలయ్యాక పొలాల్లో తిండి దొరకని ఎలుకలు ఊళ్ళోకి వస్తాయి, రాత్రి చల్లారని ఇంజన్ వాటికి మంచి పడక. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కన గడ్డి పోచలు, కొరికిన స్పాంజి కనిపిస్తే వైరింగు మీది తొడుగు అడుగు భాగం అద్దం పెట్టి చూడండి. అవి కొరికేది మనకు కనిపించని వైపే. సగం తెగిన తీగ మామూలు రోజుల్లో పనిచేస్తుంది, బండి కుదుపుకో, తేమకో మొరాయిస్తుంది.

ట్రాక్షన్ లైటు ఒక్కటే వస్తే పై జాబితా మొత్తం అనవసరం. మీటరు దగ్గరి ఆఫ్ బటన్ మోచెయ్యి తగిలి నొక్కుకుపోయిందేమో చూసుకోండి. జారే రోడ్డు మీద ఆ బొమ్మ మినుకుమనడం లోపం కాదు, పని చేస్తోందని చెప్పడం. బ్యాటరీ విప్పి బిగించాక వస్తే, చాలా కార్లలో స్టీరింగును ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, తిన్నని రోడ్డు మీద కొంతదూరం నడిపితే పోతుంది. అలైన్‌మెంటు చేయించాక వస్తే స్టీరింగు కోణం చెప్పే సెన్సర్‌ను స్కానరుతో సున్నా చేయాలి. ఇంజన్ లైటు కూడా తోడుగా ఉంటే ముందు ఇంజన్ సంగతి చూడండి, మిస్‌ఫైర్ (సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడం) ఉన్నప్పుడు కంప్యూటరు ట్రాక్షన్‌ను తానే ఆపేస్తుంది. వెనక బ్రేకు బల్బు స్థానంలో చవక ఎల్‌ఈడీ వేయించినవారు పాత బల్బు తిరిగి పెట్టి చూడాలి. టైర్లు నాలుగూ ఒకే సైజువి కాకపోయినా, ఒకదానిలో గాలి బాగా తగ్గినా చక్రాల లెక్కలు కుదరవు.

ఇవన్నీ చూశాక కూడా యూనిట్ మీదికే వేలు వెళ్తే, కొత్తది కొనేలోపు మరమ్మతు మార్గం ఉందేమో కనుక్కోండి. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు భాగాన్ని విడదీసి టంకాలు సరిచేసేవారు చెన్నై, హైదరాబాద్‌లలో ఉన్నారు. వారికి పంపవలసింది కూడా బోర్డు భాగమే, ఆయిలు గొట్టాలున్న లోహపు భాగాన్ని చాలాసార్లు కదపనక్కరలేదు. పాత సామాను దుకాణంలో దొరికిన యూనిట్ చవకే, కానీ నంబరు ఒక్క అక్షరం తేడా ఉన్నా కుదరదు, మీ కారుకు కోడింగ్ చేయాలి, గొట్టాలు విప్పారు కాబట్టి స్కానరుతో మోటారు తిప్పుతూ లోపలి గాలి తీయాలి. ఆ సదుపాయం లేని చోట ఈ పని అప్పగించవద్దు. బ్రేకు పెడల్ మెత్తబడి తిరిగివస్తుంది.

అప్పటిదాకా బండి నడపవచ్చా అంటే: పసుపు లైట్లు మాత్రమే ఉంటే మామూలు బ్రేకు ఉంటుంది, ఏబీఎస్ సాయం ఉండదు. వానలో గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని బండి జారుతుంది, స్టీరింగు మాట వినదు. ఎర్ర లైటు కూడా ఉన్నప్పుడు వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి అడ్డం తిరగవచ్చు. అలాంటప్పుడు హైవే ఎక్కకండి, మెల్లగా ఇంటికో షెడ్డుకో చేర్చండి. ఎర్ర లైటుతో పాటు పెడల్ ఎప్పటికంటే కిందికి దిగుతున్నా, మెత్తగా ఉన్నా అక్కడే ఆపి బండిని లాగించుకోండి.

మీరు ఈ వారం చేయవలసినవి మూడు: బ్యాటరీ వోల్టేజి స్టార్టు చేసేటప్పుడు, నడిచేటప్పుడు చూడడం, యూనిట్ ఎర్త్ బోల్టు రీడింగు, ఏబీఎస్ చదివే స్కానరుతో కోడ్లు రాయించడం. కోడు పక్కన అది నమోదైనప్పటి వేగం, వోల్టేజి కూడా కొన్ని స్కానర్లు చూపిస్తాయి, అవి ఉంటే తప్పక రాసుకోండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే తరువాత ఏ తీగ విప్పాలో చెబుతాను. షెడ్డులో «కోడ్లు చెరిపేశాం, ఇక రావు» అన్నారంటే, ఆ చెరిపిన కోడ్లేవో అడిగి రాయించుకోనిదే బయటికి రాకండి.